బాత్రూమ్ ఇనుప తలుపుకు రంగు నిలవాలంటే: అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత ఇళ్ళలో బాత్రూమ్‌కు యాంగిల్ ఫ్రేము మీద రేకు కొట్టిన ఇనుప తలుపు ఇప్పటికీ కనిపిస్తుంది. రంగు వేసిన ఏడాది తిరక్కుండానే అడుగున జానెడు మేర పొక్కి, పెచ్చులుగా రాలుతుంది. పైభాగం మాత్రం నిన్న వేసినట్టే ఉంటుంది. ఒకే డబ్బా, ఒకే చెయ్యి, ఒకే తలుపు. పైన నిలిచింది కింద నిలవలేదంటే తప్పు డబ్బాది కాదు.

అపోహ: ఖరీదైన ఎనామెల్ (ఆయిల్ పెయింట్) వేస్తే తుప్పు రాదు.

తుప్పు మొదలయ్యేది తలుపు అడుగు అంచులో. బకెట్ నుంచి చిమ్మిన నీళ్ళు రేకు మీదుగా జారి, కింద యాంగిల్‌కూ రేకుకూ నడుమ సందులో నిలిచిపోతాయి. తలుపు నిలబెట్టే రంగు వేస్తారు కాబట్టి ఆ అంచుకు కుంచె తగలనే తగలదు. బందుల మీంచి పైకి లేపి తీయగలిగిన తలుపైతే తీసి, రెండు బల్లల మీద పడుకోబెట్టి వెయ్యండి. ఊడదీయడం కుదరకపోతే నేల మీద చిన్న అద్దం ముక్క పెట్టి, అందులో చూస్తూ స్పాంజి ముక్కతో అంచుకు రంగు అద్దండి. చదరపు ట్యూబు ఫ్రేము అయితే తలుపు ఊపి చూడండి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడైతే అడుగు ట్యూబుకు 6 మి.మీ. బెజ్జాలు రెండు వేయించి నీళ్ళు పోనివ్వండి. లోపలి నుంచి తినే తుప్పుకు బయట ఎన్ని కోట్లు వేసినా అడ్డం పడవు.

ఇక మన బోరు నీళ్ళు. ఆరిన ప్రతిసారీ తెల్లటి చార మిగులుస్తాయి. దాని మీద సబ్బు జిడ్డు చేరుతుంది. ఈ పొర మీద వేసిన రంగు ఇనుమును పట్టుకోదు, పొరను పట్టుకుంటుంది. పొర ఊడితే రంగూ ఊడుతుంది. చారను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో నానబెట్టి గీకాలి. జిడ్డును వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి రుద్ది కడగాలి. చివరి కడుగుడు బోరు నీళ్ళతో కాకుండా ప్లాంటు నీళ్ళతో చెయ్యండి, తలుపుకు ఐదారు లీటర్లు చాలు. కడిగాక నాలుగు చుక్కలు చల్లి చూడండి. నీళ్ళు పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, ముత్యాల్లా నిలబడితే మళ్ళీ రుద్దాల్సిందే.

అపోహ: రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) తుప్పును తినేస్తుంది.

ఇది చాలామంది నమ్మే మాట, చాలా తలుపులను పాడుచేసిన మాట. రెడ్ ఆక్సైడ్‌లోని ఎర్ర పొడి కూడా ఐరన్ ఆక్సైడే, తుప్పు జాతిదే. అది తుప్పును తినదు. శుభ్రమైన ఇనుముకూ పై రంగుకూ మధ్య పట్టు ఇస్తుంది, అంతే. వదులు తుప్పు మీద వేస్తే ఆ తుప్పుతో పాటే లేచి వస్తుంది. అందుకే ముందు గీకుడు చాకు, తర్వాత వైర్ బ్రష్, ఆపైన 80 నంబరు ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన గోధుమరంగుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పూసి, సీసా మీద రాసినంత సేపు ఉంచి, కడిగి తుడవాలి. బాగా ఆరాక అదే రోజు ప్రైమర్ పడాలి. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ దొరికితే బాత్రూమ్‌కు అదే మేలు. తుప్పును నిజంగా అడ్డుకునే గుణం దానికి ఉంది. ఏ ప్రైమరైనా వారాల తరబడి ఒట్టిగా వదిలేయకండి, తడి పీల్చుకుంటుంది.

గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగు మొత్తం తీయక్కర్లేదు. బ్లేడుతో అడ్డదిడ్డంగా నాలుగు గీతలు గీసి, టేపు అంటించి గట్టిగా లాగండి. రంగు రాకపోతే 180 కాగితంతో మెరుపు పోయేలా రుద్దితే సరి. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) హద్దు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగైతే సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకండి, తడి చేసే రుద్దండి, మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

అపోహ: బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో తుప్పు వదిలిస్తే పని తేలిక.

వదులుతుంది. కానీ అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాని క్లోరైడు ఇనుము గుంటల్లో మిగిలి, ప్రైమర్ కిందే మళ్ళీ తుప్పు రేపుతుంది. ఆవిరి చాలు, బందులూ గొళ్ళెమూ తుప్పెక్కుతాయి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

అపోహ: జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకుకూ మామూలు ఎనామెలే.

జింకు పూత ఆయిల్ పెయింట్‌లోని నూనెతో కలిసి సబ్బులాంటి పొరగా మారుతుంది, రంగు అట్టలా లేచిపోతుంది. ముందు జీఐకి తగిన ఎచ్ ప్రైమర్ (జింకును కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్) వెయ్యాలి.

అపోహ: బెజ్జాలు పడ్డ రేకును లప్పంతో పూడిస్తే చాలు. అడుగు భాగంలో లప్పం తడి పీల్చి ఉబ్బుతుంది. ముక్క రేకు వెల్డింగ్ చేయించండి.

అపోహ: మన ఎండలకు మందంగా ఒక్క కోటు కొడితే మధ్యాహ్నానికి ఆరిపోతుంది.

ఆరేది పైపొర. లోపలి టర్పెంట్ బయటికి పోలేక బొబ్బలు కడుతుంది, ముడతలు పడుతుంది. రేకు మీద చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే కుంచె ముట్టుకోవద్దు. పొద్దున ఎండెక్కకముందే, నీడలో వెయ్యండి. ఆరున్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు తలుపు రెండువైపులా కలిపి 33 చదరపుటడుగుల దాకా వస్తుంది. రెండు పలచని కోట్లకు లీటరు డబ్బా ధారాళంగా సరిపోతుంది. అర లీటరు రంగుకు చిన్న టీ గ్లాసులో సగానికి మించి టర్పెంట్ కలపకండి. కిరసనాయిలు వద్దు, జిడ్డు మిగిల్చి ఆరనివ్వదు. ప్రైమర్‌కు ఒక రాత్రి, మొదటి కోటుకు ఇంకో రాత్రి ఆగాలి. మధ్యలో 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడవాలి.

అపోహ: వేలికి అంటకపోతే స్నానం చెయ్యొచ్చు.

ఎనామెల్ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. కనీసం మూడు రోజులు ఆ బాత్రూమ్‌లో నీళ్ళు వాడకుండా, వెంటిలేటర్ తెరిచి ఉంచండి. ఇంట్లో ఒకే బాత్రూమ్ ఉంటే తలుపు ఊడదీసి బయట నీడన పెట్టి వేయడమే దారి. ఆ మూడు రోజులూ గుమ్మానికి దుప్పటి కట్టుకోవచ్చు.

ఆ తర్వాత మొదట దెబ్బ తగిలేది గొళ్ళెం దగ్గర. కందిగింజంత రంగు ఎగిరి ఇనుము కనిపించగానే చుట్టూ రూపాయి బిళ్ళంత మేర రుద్ది, ప్రైమర్ చుక్క పెట్టి, మర్నాడు మిగిలిన ఎనామెల్ అద్దండి. అందుకోసం అడుగున మిగిలిన రంగును చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, మూత గట్టిగా బిగించి పెట్టుకోండి. సగం ఖాళీగా ఉన్న డబ్బాలో రంగు మీద మీగడ కడుతుంది.