నాలుక కింది మాత్ర: గొడవ మొదలు 1998లో

‘ఛాతీలో నొప్పి రాగానే ఎవరికైనా సరే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టండి’ అనే వాట్సాప్ మెసేజ్ వరంగల్, ములుగు, భూపాలపల్లి గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. ‘ఎవరికైనా’ అన్న మాట దగ్గరే డాక్టర్లకు అభ్యంతరం. సార్బిట్రేట్ నైట్రేట్ రకం మందు. నైట్రేట్ మందులు గుండెనొప్పికి 19వ శతాబ్దం నుంచీ ఉన్నవే. ఆ పాత కథ ఇక్కడ అక్కర్లేదు. ఈ గొడవకు మూలం 1998లో ఉంది.

ఆ ఏడాది మార్చిలో అమెరికా సిల్డెనాఫిల్‌కు, అంటే వయాగ్రాకు అనుమతి ఇచ్చింది. అక్టోబరులో అమెరికా శాస్త్రవేత్తలు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వైద్యంలో నోబెల్ వచ్చింది. రెండింటి వెనకా ఉన్నది ఒకటే వాయువు, నైట్రిక్ ఆక్సైడ్.

ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళం ముక్కలపై ఏళ్ల తరబడి పనిచేశాడు. అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే అవి ముడుచుకునేవి. 1978లో కోత తీరు మారిన ముక్క మాత్రం వదులైంది. కారణం వెతికితే తేలిందేమిటంటే, పాత పద్ధతిలో నాళం లోపలి పల్చటి పొర రాపిడికి ఊడిపోతోంది. పొర ఉన్న ముక్కను, పొర తీసేసిన ముక్కను ఎదురెదురుగా ఆనించి మందు వేశాడు. పొర లేనిదీ వదులైంది! పొరలోంచి ఏదో పక్కకు వెళ్తోందన్నమాట. అది నైట్రిక్ ఆక్సైడేనని 1986లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో చెప్పారు, 1987లో మొంకాడా బృందం కొలిచి చూపింది. నైట్రేట్ మందైన నైట్రోగ్లిజరిన్ నుంచీ ఇదే వాయువు వస్తుందని మురాద్ 1977లోనే చెప్పాడు.

ఈ వాయువు నాళపు కండరంలో సైక్లిక్ జీఎంపీ అనే రసాయనాన్ని పెంచుతుంది, కండరం వదులవుతుంది. ఆ జీఎంపీని విరిచేసే ఎంజైమును సిల్డెనాఫిల్ ఆపుతుంది. నైట్రేట్, సిల్డెనాఫిల్ రెండూ ఒంట్లో కలిస్తే నల్లా తిప్పి తూము మూసినట్టే, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే రకం మందు టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు.

మన దగ్గర ‘వయాగ్రా వేసుకున్నారా’ అని ఎవరు అడుగుతారు? పెద్దమనిషి కొడుకులు, కోడళ్ల ముందు ఆ మాత్ర పేరెత్తుతాడా? చీటీ లేకుండా కొన్నదైతే డాక్టరుకూ తెలియదు. మా బాపుకు సార్బిట్రేట్ కొన్న షాపులో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అప్పటికే బీపీ తక్కువగా ఉన్నా, గుండె కుడి గదికి దెబ్బ తగిలినా ఈ మాత్ర ప్రమాదమే. పైగా ఇది నాళంలోని గడ్డను కరిగించదు. 58 వేల మందిపై జరిగి 1995లో వెలువడిన ఐసిస్-4 పరిశోధనలో నైట్రేట్ ఇచ్చినందువల్ల చెప్పుకోదగినంతగా మరణాలు తగ్గలేదు.

ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు చేరేలోపు చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న వాదనా ఉంది. ఆ భయం నిజమే. కానీ బాపు చొక్కా జేబులోని స్ట్రిప్ ఆయన ఈసీజీ చూసి, మిగతా మందులు అడిగి డాక్టరు రాసిచ్చింది. కూర్చుని ఒక్కటి పెట్టుకోవాలి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. పక్కింటి కాకకు నొప్పి వచ్చిన రోజు బాపు ఆ స్ట్రిప్ తీయలేదు, ముందు 108కే చేశాడు.