సాదా డయల్ వాచీలు: కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

వెయ్యి నుంచి మూడు వేల రూపాయల్లో దొరికే సాదా వాచీలకు ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. తెల్లటి డయల్, అంకెల చోట సన్నటి గీతలు, మహా అయితే ఒక తేదీ కిటికీ. ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాళ్ళు కొంటున్నారు, పండక్కి వచ్చే అల్లుడికి పెట్టడానికి అత్తగార్లు కొంటున్నారు. వాచీలు అమ్మడం, రిపేరు చేయడం నా వృత్తి. బాగుచేయడానికి నా బల్ల మీదకు వచ్చే వాటిలో చాలా వాచీలు నాసిరకం కావడం వల్ల పాడైనవి కావు, వాటి గురించి ఎవరో చెప్పిన తప్పుడు మాట నమ్మడం వల్ల పాడైనవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డయల్ మీద ఏమీ లేదు కదా, ఇందులో డిజైన్ ఏముంది?

నిజానికి సాదా డయల్ చేయడమే కష్టం. డయల్ నిండా చిన్న చక్రాలు, అంకెలు, రాతలు ఉంటే చిన్న లోపం వాటి మధ్య కలిసిపోతుంది. పన్నెండు గీతలు, మూడు ముళ్ళు మాత్రమే ఉన్నచోట ఒక్క గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సాదాతనంలోనూ రెండు దారులున్నాయి. 1947లో అమెరికా డిజైనర్ నేథన్ జార్జ్ హార్విట్ ఒక నల్లటి డయల్ గీశాడు. పన్నెండు ఉండే చోట ఒక్క చుక్క, అంతే. చూడ్డానికి అద్భుతం. కానీ టైం తొమ్మిదీ పదిహేడా, తొమ్మిదీ పద్దెనిమిదా అంటే దాన్ని చూసి చెప్పలేం. స్విట్జర్లాండ్‌కు చెందిన డిజైనర్ మాక్స్ బిల్, జర్మనీలోని యుంగ్‌హాన్స్ కంపెనీ కోసం 1961లో చేసిన చేతి వాచీల్లో కూడా ఆర్భాటం ఏమీ లేదు. అయినా ప్రతి నిమిషానికీ సన్నటి గీత ఉంటుంది, నిమిషాల ముల్లు సరిగ్గా దాని దాకా అందుతుంది. రోజూ పెట్టుకునే వాచీకి నేను ఈ రెండో దారినే సమర్థిస్తాను.

మనకైతే ఇది కొత్త ఫ్యాషనేమీ కాదు. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ ఇచ్చిన 'జనతా' గుర్తుందా? రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే, పదిహేడు జువెల్స్ (చక్రాల ఇరుసులు అరిగిపోకుండా అమర్చే చిన్న రాళ్ళు) వాచీ. మాస్టార్ల చేతికీ, గుమాస్తాల చేతికీ అదే. ఇప్పటికీ సర్వీసింగ్‌కి వస్తుంటాయి. డయల్ పసుపెక్కినా టైం మాత్రం ఒక్క చూపులో తెలుస్తుంది.

షాపులో మీరు చేయాల్సింది ఇది. వాచీలో టైం ఆరు గంటలకు పెట్టించండి. గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకే నిట్టనిలువు గీతలా నిలబడాలి. తర్వాత నిమిషాల ముల్లు కొస గీతల దాకా వస్తోందో లేదో చూడండి. సగంలోనే ఆగిపోతే ఆ గీతలు అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరావు. చివరగా ట్యూబ్‌లైట్ కింద కాకుండా గుమ్మం బయట ఎండలో చూడండి. తెల్ల డయల్ మీద వెండి రంగు ముళ్ళు మధ్యాహ్నం వెలుతురులో మాయమైపోతాయి. బండి నడిపేవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది. నర్సులూ, నాడి చూసి లెక్కపెట్టాల్సిన వాళ్ళూ సెకన్ల ముల్లు లేని వాచీ జోలికి వెళ్ళకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

అపోహ: ధర ఎక్కువైతే టైం కరెక్టుగా చూపిస్తుంది

సెల్ వాచీల్లో ఈ మాట చాలావరకు తప్పు. లోపల ఉండే క్వార్ట్జ్ అనే స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్ ఆ సంఖ్యను వరసగా పదిహేను సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది, ముల్లు ఒక అడుగు వేస్తుంది. 1969 డిసెంబరు 25న సీకో అమ్మకానికి పెట్టిన మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ ధర 4,50,000 యెన్లు. ఇవాళ చవక వాచీలోనూ పని చేసేది అదే సూత్రం. సిటిజన్ వాళ్ళ మియోటా 2035 మెషిన్ చూడండి, నెలకు 20 సెకన్లు అటూ ఇటూ అని కంపెనీయే చెబుతుంది. వెయ్యి రూపాయల వాచీలోనూ, పేరున్న ఫ్యాషన్ వాచీలోనూ మూత తీస్తే ఇదే మెషిన్ కనిపించడం నాకు మామూలే. మీరు అదనంగా ఇచ్చే డబ్బు కేసుకీ, గ్లాసుకీ, పేరుకీ పోతుంది, టైంకి కాదు.

టైంని నిజంగా దెబ్బతీసేది వేడి. ఈ క్వార్ట్జ్ ముక్కలను సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. అంతకంటే వేడెక్కినా, చల్లబడినా వెనకబడతాయి. 40 డిగ్రీల గదిలో పడి ఉంటే రోజుకు అర సెకను పైచిలుకు తేడా. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద 60 డిగ్రీలుంటే అదే వేగాన రోజుకు మూడు సెకన్లు దాటుతుంది. చేతికి ఉంటే ఒంటి వేడి, బయటి గాలి కలిసి దాన్ని ముప్పై డిగ్రీలకు దగ్గరగా ఉంచుతాయి. వేసవిలో మీ వాచీ వెనకబడుతోందని నా దగ్గరకు తెచ్చేముందు అది పగలంతా ఎక్కడ ఉంటోందో ఒకసారి చూసుకోండి.

అపోహ: '30 మీటర్లు' అని రాసి ఉంది కాబట్టి నీళ్ళలో దిగొచ్చు

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. వాచీ అడుగున ఉండే '30 మీటర్లు' లేదా '3 ఏటీఎం' (మామూలు గాలి ఒత్తిడికి మూడు రెట్లు) అనేది ల్యాబ్‌లో కదలకుండా పెట్టి ఇచ్చిన ఒత్తిడి లెక్క. వాడకంలో దాని అర్థం చేతులు కడుక్కోవచ్చు, చినుకులు పడినా పర్లేదు, అంతవరకే. పుష్కర స్నానానికీ, భీమిలి బీచ్‌లో ఆటలకూ అది పనికిరాదు. ఈత కొట్టాలంటే కనీసం 50 మీటర్లు, నిశ్చింతగా ఉండాలంటే 100 మీటర్లు రాసి ఉన్నది తీసుకోండి. ఎంత రాసి ఉన్నా వేడి నీళ్ళ స్నానానికి మాత్రం తీసేయండి.

నీళ్ళను ఆపేది మూత చుట్టూ గాడిలో కూర్చునే ఒక సన్నటి రబ్బరు రింగు, టైం మార్చే కీ కాడ దగ్గర ఇంకో చిన్న రింగు. రెండు మూడేళ్ళు వాడిన వాచీ మూత తీస్తే ఆ గాడిలో చెమటా, సబ్బూ, దుమ్మూ కలిసి ఎండిన బూడిద రంగు మట్టి ఉంటుంది. రింగు ఒకప్పుడు గుండ్రంగా ఉండేది, ఇప్పుడు చదునుగా అణిగి, గోరుతో నొక్కితే గట్టిగా తగులుతుంది. ఈ స్థితిలో వాచీ మీద రాసిన అంకెకు ఏ విలువా లేదు. సెల్ మార్పించినప్పుడు గాడి తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు రాయమని లేదా కొత్త రింగు వేయమని అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే బియ్యంలో పెట్టి ఎదురుచూడకండి. ఆ రోజే తీసుకొస్తే మూత తీసి ఆరబెట్టవచ్చు. వారం ఆగితే కీ కాడ తుప్పు పట్టి, ఆ తుప్పు పొడి పళ్ళ చక్రాల్లోకి దిగుతుంది.

అపోహ: సెల్ ఏదైనా ఒకటే

ఒకే సైజులో రెండు రకాలు వస్తాయి. పేరు ఎస్‌ఆర్ అక్షరాలతో మొదలైతే సిల్వర్ ఆక్సైడ్, ఎల్‌ఆర్‌తో మొదలైతే ఆల్కలైన్. సిల్వర్ ఆక్సైడ్ సెల్ చివరి దాకా దాదాపు ఒకే 1.55 వోల్టులు ఇస్తుంది. ఆల్కలైన్ మెల్లమెల్లగా నీరసపడుతుంది, కారే అవకాశమూ ఎక్కువ. సాదా వాచీల్లో ఎక్కువగా వాడే 626 సైజులో ఈ రెండూ దొరుకుతాయి, ధరలో తేడా కొద్దిగానే. సెల్ వేసేముందు దాని మీది అక్షరాలు చూపించమనండి.

సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతుంటే కంగారు పడకండి. చాలా మెషిన్లలో అది సెల్ అయిపోతోందని చెప్పే గుర్తు. ఆగిపోయిన వాచీని సెల్‌తో సహా బీరువాలో పడేయడం మాత్రం ప్రమాదం. కారిన సెల్ ముళ్ళను నడిపే సన్నటి రాగి తీగ చుట్టను తినేస్తుంది. కొన్నాళ్ళు పెట్టుకోని వాచీకి కీ బయటికి లాగి ఉంచితే సెల్ ఎక్కువ కాలం వస్తుంది.

అపోహ: వెనక స్టీల్ అని ఉంది, అంటే వాచీ అంతా స్టీలే

రాసింది పూర్తిగా చదవండి. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అంటే ఆ మూత ఒక్కటే స్టీల్. మిగతా కేసు ఇత్తడో, జింకు మిశ్రమమో, దాని మీద పూత. మన చెమటకు ఆ పూత ముందుగా బెల్టు తగిలించే కొమ్ముల అడుగున లేస్తుంది. పూత కింద నికెల్ ఉంటే పడనివాళ్ళకు మణికట్టు మీద ఎర్రటి దద్దుర్లు వస్తాయి. 'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉన్నదానికి మూడు నాలుగు వందలు ఎక్కువైనా పెట్టొచ్చు.

బెల్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లెదర్ అందమే, కానీ మన ఎండలకు ఒక్క వేసవిలో వాసన పట్టేస్తుంది. కొమ్ముల మధ్య వెడల్పు 18 లేదా 20 మిల్లీమీటర్లు ఉన్న వాచీ కొంటే ఎండాకాలంలో నైలాన్ బెల్టు, పెళ్ళిళ్ళకు లెదర్ మార్చుకోవచ్చు. కేసులోకి దూర్చిన ప్రత్యేక ఆకారం బెల్టులు తెగితే జోడు దొరకదు.

అపోహ: పలుచటి వాచీ త్వరగా పాడవుతుంది

హోసూరులో తయారయ్యే టైటన్ ఎడ్జ్ 2002లో వచ్చినప్పుడు మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. మందానికీ మన్నికకూ సంబంధం తక్కువ.

అపోహ: చవక వాచీ ఆగిపోతే పారేయడమే

మెషిన్ వెనక చెక్కిన నంబరు చూసి అదే మెషిన్ కొత్తది వేయవచ్చు. డయల్ అడుగున ఉండే రెండు చిన్న కాళ్ళు అవే రంధ్రాల్లో కూర్చుంటాయి, పాత ముళ్ళు అలాగే సరిపోతాయి. ఖర్చు చాలాసార్లు కొత్త వాచీ ధరలో చిన్న భాగమే. తేదీ ఉన్న మోడల్ అయితే మెషిన్ మార్చాక కౌంటర్ దగ్గరే ముళ్ళను తిప్పి చూసుకోండి. తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మారాలి. మధ్యాహ్నం పన్నెండుకి మారుతుంటే ముళ్ళు తీసి మళ్ళీ బిగించమనండి, ఐదు నిమిషాల పని.