ట్యూబ్ ఆంప్లిఫైయర్ కొనే ముందు స్పీకర్ లెక్క చూడండి

ఇంట్లో స్టీరియోకి ట్యూబ్ ఆంప్లిఫైయర్, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో శబ్దాన్ని పెంచే పెట్టె, కొందామనుకునేవాళ్లు చాలామంది మొదట ట్యూబుల పేర్ల వెంట పడతారు. 300బి బాగుంటుందా, ఇఎల్ 34 బాగుంటుందా, కెటి 88 అయితే ఇంకా గట్టిగా పలుకుతుందా అని. నన్నడిగితే ఆ పేర్లు కాస్త ఆగొచ్చు. ముందు మీ స్పీకర్లతో వచ్చిన కాగితం తీసి, సెన్సిటివిటీ అన్న చోట ఏ అంకె ఉందో చూడండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో చెప్పే అంకె అది. ఇళ్లలో వాడే స్పీకర్లకి ఎక్కువగా 84కీ 95కీ మధ్య ఉంటుంది.

విజయనగరంలో మామూలు డాబా ఇంటి హాలు తీసుకుందాం. స్పీకర్లు 88 డెసిబెల్స్‌వి, కూర్చున్నది మూడు మీటర్ల దూరంలో. హాయిగా వినే స్థాయికి, అంటే 74 డెసిబెల్స్ దగ్గర, ఒక్కో స్పీకర్‌కి పట్టేది వాట్‌లో సుమారు పదో వంతే. కానీ కచేరీ ఎప్పుడూ ఒకే మట్టంలో సాగదు కదా. తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే చోట, మృదంగం మీద గట్టి దెబ్బ పడితే శబ్దం ఆ సగటు మీద 20 డెసిబెల్స్ దాకా లేవచ్చు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ పవర్ పది రెట్లు కావాలి. 20కి వంద రెట్లు. అంటే 10 వాట్లు. అదే 95 డెసిబెల్స్ స్పీకర్ అయితే 2 వాట్లతో సరిపోతుంది, 84 డెసిబెల్స్‌ది అయితే 25 కావాలి.

ఈ లెక్క చేతిలో ఉంటే ట్యూబుల పేర్లకి ఒక అర్థం వస్తుంది. ఒక్క 300బి ట్యూబు ఇచ్చేది 8 వాట్ల దరిదాపు. రెండు ఇఎల్ 84 ట్యూబులు కలిసి పనిచేస్తే 10 నుంచి 15, రెండు ఇఎల్ 34 అయితే 30 నుంచి 40. 84 డెసిబెల్స్ స్పీకర్లకి 300బి తగిలిస్తే ఎంత ఖరీదు పెట్టి కొన్నా మృదంగం దగ్గర ఆయాసపడుతుంది.

ట్యూబు లోపల జరిగేది క్లుప్తంగా చెప్పుకుందాం. గాలి తీసేసిన గాజు బుడ్డిలో కేథోడ్ అనే లోహపు గొట్టం వేడెక్కి ఎలక్ట్రాన్లని విడుస్తుంది. కొన్ని వందల వోల్టుల పాజిటివ్ ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో ఉన్న సన్నని తీగల గ్రిడ్ మీద వోల్టేజీ కాస్త మారినా ప్లేటుకి చేరే కరెంటు బాగా మారిపోతుంది. అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో ఆ గ్రిడ్‌ని చేర్చాడు. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చాక ట్యూబులు నెమ్మదిగా రేడియోల్లోంచి వెళ్లిపోయాయి గాని, సంగీతం వినేవాళ్ల ఇళ్లలో కొన్ని నిలిచాయి.

అలా నిలవడానికి కారణం హార్మోనిక్స్‌లో, అంటే అసలు స్వరం ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర పుట్టే స్వరాల్లో ఉంది. విజయనగరం 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయిన చోటు. ఇక్కడి శ్రోతకి ఈ సంగతి స్వరాల్లో చెబితేనే తేలిగ్గా అందుతుంది. షడ్జమం 240 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నారనుకోండి. ఆంప్లిఫైయర్ ఏదైనా తన వంతుగా కొన్ని అదనపు స్వరాలు కలుపుతుంది. రెండో హార్మోనిక్ 480, అది తారస్థాయి షడ్జమం. మూడోది 720, దాని పంచమం. నాలుగోది 960, మళ్లీ షడ్జమమే. ఐదోది 1200, అంతర గాంధారం. ఇంతవరకూ తంబురాలో చెవికి తగిలే స్వరాలే. ఏడోది 1680. అది కైశికి నిషాదానికి కొంచెం కింద పడి, ఏ స్వరంలోనూ ఇమడదు. తొమ్మిది, పదకొండు అంటూ పైకి వెళ్లేకొద్దీ చెవికి గరుకు పెరుగుతుంది.

ఒకే ట్యూబు మొత్తం తరంగాన్ని మోసే పద్ధతిని సింగిల్ ఎండెడ్ అంటారు. అందులో చేరేది ఎక్కువగా రెండో హార్మోనిక్. పాటకి అది నిండుదనం ఇచ్చినట్టు వినిపిస్తుంది. రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్ పుల్‌లో రెండు, నాలుగు లాంటి సరి హార్మోనిక్స్ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. శబ్దం కాస్త తేటగా ఉంటుంది. ట్యూబు నిండుదనం అసలు పాటకి చేరిన అదనమే. ఆ అదనం ఇష్టపడి తీసుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ ఇష్టపడతాను. కాకపోతే ద్వారం వారి కాలపు పాత రికార్డింగులు అప్పుడే ట్యూబు ఆంప్లిఫైయర్ల గుండా వెళ్లి వచ్చినవి. ఎక్కువగా అవే వినేవాళ్లు మరింత నిండుదనం కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సింది ట్యూబుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. ట్యూబు సరిగ్గా పనిచేయడానికి దాని ఎదుట ఉండాల్సిన నిరోధం, అంటే లోడ్, కొన్ని వేల ఓమ్‌లు, స్పీకర్ చూస్తే 8 ఓమ్‌లు. గునపంతో బండ లేపేటప్పుడు పొడుగు కొసన చిన్న బలం పొట్టి కొసన పెద్ద బలమైనట్టు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వోల్టేజీ తక్కువ కరెంటుని తక్కువ వోల్టేజీ ఎక్కువ కరెంటుగా మారుస్తుంది. ట్యూబు వైపు 25 చుట్లకి స్పీకర్ వైపు 1 చుట్టు ఉంటే, 25ని 25తో హెచ్చించి 625. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ ట్యూబుకి 5,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది.

చెప్పడానికి తేలికే గాని చుట్టడం కష్టం. కింది స్థాయి శబ్దాలకి ఇనప కోర్ పెద్దదిగా ఉండాలి, లేకపోతే మృదంగం ఎడమవైపు మోగే లోతైన గుంకీ దగ్గరే కోర్ అయస్కాంతత్వంతో నిండిపోయి శబ్దం చెదురుతుంది. పై స్థాయికేమో తీగని పొరలు పొరలుగా, రెండు వైపులవీ మార్చి మార్చి చుట్టాలి. సింగిల్ ఎండెడ్‌లో డీసీ కరెంటు కూడా తీగచుట్ల గుండా పోయి కోర్‌ని ముందే కొంత నింపేస్తుంది కాబట్టి అదే పవర్‌కి ఇంకా పెద్ద కోర్ కావాలి. 1947లో ఇంగ్లండ్‌లో విలియమ్సన్ ప్రచురించిన ఆంప్లిఫైయర్ డిజైన్ అంత పేరు తెచ్చుకోవడంలో పెద్ద వాటా ట్రాన్స్‌ఫార్మర్‌దే. కాబట్టి అవే ట్యూబులు, అదే పవర్ రాసి ఉన్న రెండు ఆంప్లిఫైయర్లు ఎదురుగా ఉంటే నేను బరువైనదే తీసుకుంటాను. ఆ పవర్ 1,000 హెర్ట్జ్ దగ్గరే కొలిచారా, 30 హెర్ట్జ్ దగ్గర కూడా వస్తుందా అని అమ్మేవాళ్లని తప్పక అడగండి.

వినేటప్పుడు మంచి పరీక్ష మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్ల రికార్డింగే. గుండెకి కట్టుకున్న తప్పెట మీద దెబ్బా, కాలి గజ్జెల మోతా ఒకేసారి వస్తాయి. దెబ్బ పడిన క్షణంలో గజ్జెలు విడివిడిగా వినిపించాలి. ముద్దగా అయిపోతే ఆంప్లిఫైయర్ చాలట్లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. 8 ఓమ్‌లని రాసిన స్పీకర్ నిజానికి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 5, ఇంకో చోట 30 ఓమ్‌లు ఉండొచ్చు. బయటికి వచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి తేడాలు సరిదిద్దే పద్ధతిని ఫీడ్‌బ్యాక్ అంటారు. అది లేని ట్యూబ్ ఆంప్లిఫైయర్ సొంత అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే స్పీకర్‌కి కరెంటు ఇచ్చేటప్పుడు దాని లోపలి నిరోధం, రెండున్నర ఓమ్‌లైతే, ఆ రెండు చోట్ల శబ్దంలో దాదాపు 3 డెసిబెల్స్ తేడా వస్తుంది. అందుకే ఒకే ఆంప్లిఫైయర్ ఒకరింట్లో తియ్యగా, ఇంకొకరింట్లో మందంగా పలుకుతుంది. సొంత స్పీకర్లతో వినకుండా కొనొద్దని అంత గట్టిగా చెప్పేది ఇందుకే. 86 నుంచి 90 మధ్య స్పీకర్లు, ఎక్కువగా వయొలిన్, వీణ, గాత్రం వినే ఇంటికి కొంచెం ఫీడ్‌బ్యాక్ ఉన్న ఇఎల్ 34 పుష్ పుల్ నా ఎంపిక.

ఇక కరెంటు సంగతి. మన సప్లై 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చాలా ట్యూబుల్లో కేథోడ్‌ని వేడిచేసే తీగ, అంటే హీటర్, 6.3 వోల్టులకి చేసినది, పది శాతం అటూ ఇటూ ఓర్చుకుంటుంది. 220 వోల్టులకి చుట్టిన విదేశీ ఆంప్లిఫైయర్‌కి మన వీధిలో 250 వచ్చిందనుకోండి, హీటర్ మీద 7.1 దాటుతుంది. ట్యూబు ఆయుష్షు తగ్గిపోతుంది. మంచి స్టెబిలైజర్ పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. 60 హెర్ట్జ్‌కే చేసిన సెట్టు మాత్రం వద్దు, మన దగ్గర దాని ట్రాన్స్‌ఫార్మర్ అతిగా వేడెక్కుతుంది. నాలుగు ఇఎల్ 34ల హీటర్లకే 38 వాట్లు పోతాయి కాబట్టి మే నెలలో ఆ గదికి గాలి ఆడాలి, మూసిన షెల్ఫులో పెట్టకూడదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రానికి దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి సాకెట్లు చిలుము పట్టి చిటపట శబ్దం వస్తుంది. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక ట్యూబుని తీసి మళ్లీ గుచ్చితే చాలాసార్లు పోతుంది. కింది మూత మాత్రం విప్పకండి. ఆపేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.

స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు కొన్ని వేల గంటలు పనిచేసి అరిగిపోతాయి. ఇప్పుడు కొత్తవి ముఖ్యంగా చైనా, రష్యా, స్లొవేకియాల్లో తయారవుతున్నాయి. ఇఎల్ 34, ఇఎల్ 84 సులువుగా దొరుకుతాయి, 300బి ఖరీదు ఎక్కువ. ఆంప్లిఫైయర్ కొన్న రోజే ఒక మ్యాచ్డ్ సెట్టు, అంటే కొలిచి ఒకేలా ఉన్నవి ఏరిన ట్యూబులు, కూడా తీసుకుని బీరువాలో ఉంచుకోండి.