శక్తి రాకముందు మనిషి: సూపర్ హీరో తొలి కథలపై ప్రేక్షకుల మాట, అపోహలు - వాస్తవాలు

అనంతపురంలోని ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో రీళ్ల కాలంలో ఆపరేటర్ దగ్గర సహాయకుడిగా చేరిన నేను, ఇప్పుడు అదే థియేటర్‌కు మేనేజర్‌ని. ఆట వదిలే సమయానికి గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చేవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినడం నా పనిలో భాగం. శుక్రవారం మార్నింగ్ షో వదిలిన పావుగంటలోపే సీడెడ్ (రాయలసీమ) ఏరియాకు సినిమా హక్కులు కొన్న బయ్యర్ ఆఫీసు నుంచి ‘టాక్ ఎట్లుందప్పా?’ అని ఫోన్ వస్తుంది. నేను చెప్పే రెండు ముక్కలు, ఆ సినిమాకు వచ్చే వారం ఎన్ని ఆటలు ఉంచాలనే లెక్కలోకి పోతాయి. మామూలు సినిమాలకు ఆ రెండు ముక్కలు చాలావరకు సరిపోతాయి. కానీ ఒక సామాన్యుడికి శక్తి ఎలా వచ్చిందో, వచ్చాక అతడు ఏమయ్యాడో చెప్పే సూపర్ హీరో తొలి కథల విషయంలో, జనం నోట వచ్చే మాటకూ వాళ్ల మనసులోని అభిప్రాయానికీ చాలా దూరం ఉంటుందని నేను ఇన్నేళ్లలో గమనించాను. ఆ దూరాన్ని లెక్కచేయకపోవడం వల్ల మా వృత్తిలోనే కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: ‘ఫస్టాఫ్ స్లో’ అన్నారంటే ఫైట్లు తక్కువయ్యాయని అర్థం.

ఇది మిగతా అన్నింటికంటే బలమైన అపోహ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ సినిమాలో క్రిస్టఫర్ రీవ్ ఆ నీలం దుస్తుల్లో కనిపించడానికి దాదాపు ముప్పావు గంట పడుతుంది. 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’లో ముసుగు మనిషి తెర మీదికి రావడానికి సుమారు గంట పడుతుంది. ఆ గంటలో జనం విసుగు చెంది ఉంటే ఈ రెండు సినిమాలూ ఇన్నేళ్లు నిలిచేవి కావు. మొదటిదాంట్లో పెంచిన తండ్రి గుండెపోటుతో కూలిపోతాడు, అంత శక్తి ఉన్న కొడుకు ఆయన్ను కాపాడుకోలేకపోతాడు. రెండోదాంట్లో కళ్లముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడి భయం పెరిగి పెద్దదవుతుంది. ఆ సమయమంతా శక్తి రాబోయే మనిషి గురించే ఖర్చయింది కాబట్టి ప్రేక్షకుడు ఓపిగ్గా కూర్చున్నాడు.

నేను ఆట మధ్యలో చివరి వరుస వెనక నిలబడి, చీకట్లో ఎన్ని సెల్‌ఫోన్లు వెలుగుతున్నాయో చూస్తాను. తల్లి, కొడుకు అన్నం దగ్గర మాట్లాడుకునే సీనులో, అది నాలుగు నిమిషాలు సాగినా, ఫోన్లు పెద్దగా వెలగవు. హీరో స్నేహితుల అల్లరి, కథకు సంబంధం లేని పాట, విలన్ అనుచరుల పరిచయం వరుసగా వచ్చినప్పుడు హాలంతా మిణుగురులు వాలినట్టు అవుతుంది. గేటు దగ్గర ఈ రెండో సంగతికే ‘ఫస్టాఫ్ స్లో’ అని పేరు పెడతారు. దాన్ని ఫైట్లు లేవన్న ఫిర్యాదుగా అర్థం చేసుకుని బయ్యర్‌కు చెబితే, తర్వాతి సినిమాలో మొదటి పది నిమిషాల్లోనే ఒక ఫైటు వచ్చి చేరుతుంది, ఆ హీరో ఎవరో తెలియని జనం దాన్ని కూడా సాగదీత అనే అంటారు.

ఇందులో మా థియేటర్లవాళ్ల పాత్ర కూడా ఉంది. హాలీవుడ్ సినిమాలను ఇంటర్వెల్ ఉంటుందన్న ఆలోచనతో తీయరు, దాన్ని మన దేశంలో థియేటర్లే పెట్టుకుంటాయి. అంటే అసలు ‘ఫస్టాఫ్’ అనేదే లేని సినిమాకు ఒక ఫస్టాఫ్‌ను మేమే తయారుచేసి, తర్వాత అది స్లోగా ఉందని జనం అంటే తలూపుతున్నాం. ఒక డబ్బింగ్ సినిమాకు మా ఆపరేటర్ సరిగ్గా నిడివి సగానికి బ్రేక్ పెట్టాడు. కుర్రాడికి శక్తి వచ్చి, అతడు మంచం మీద కళ్లు తెరిచిన చోట లైట్లు వెలిగాయి. మార్నింగ్ షోకు వచ్చిన కాలేజీ పిల్లలు ‘ఇంతసేపూ ఏమీ జరగలేదు’ అంటూ క్యాంటీన్‌కు వచ్చారు. మ్యాట్నీకి ఆ బ్రేక్‌ను తొమ్మిది నిమిషాలు ఆలస్యం చేసి, అతడు మొదటిసారి ఆ శక్తిని వాడి, తన చేతుల వైపు తానే భయంగా చూసుకునే చోట పెట్టించాను. సినిమా అదే, కొన్న టికెట్టు అదే. అయినా మ్యాట్నీ ఇంటర్వెల్‌లో టీ గ్లాసులు పట్టుకుని నిలబడినవాళ్లు ‘ఇప్పుడు వాళ్ల అమ్మకు చెబుతాడా, చెప్పడా’ అని వాదించుకున్నారు. ఆ రోజు నుంచి ఇలాంటి సినిమా వస్తే ముందుగా ఒకసారి చూసి, బ్రేక్ ఎక్కడో నేనే కాగితం మీద రాసి ఆపరేటర్‌కు ఇస్తున్నాను.

అపోహ: ‘గ్రాఫిక్స్ బాగాలేవు’ అంటే గ్రాఫిక్స్ బాగాలేవనే.

కొన్నిసార్లు నిజంగానే అంతే. చాలాసార్లు మాత్రం తప్పు మా దగ్గరే ఉంటుంది, అది ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మామూలు సినిమాకు తెర మీద పడాల్సిన వెలుగుకు 14 ఫుట్ లాంబర్ట్‌లు (తెర వెలుగును కొలిచే యూనిట్) అనే ప్రమాణం ఉంది. ప్రొజెక్టర్‌లోని జెనాన్ ల్యాంప్ వాడేకొద్దీ మసకబారుతుంది, తెర పాతబడి దుమ్ము పట్టేకొద్దీ ఆ వచ్చే వెలుగు కూడా తగ్గుతుంది. త్రీడీ అయితే కళ్లద్దాలు అందులో పెద్ద భాగాన్ని మింగేస్తాయి. సూపర్ హీరో సినిమాల్లో పతాక పోరాటం తరచుగా రాత్రిపూట జరుగుతుంది. పగటి సీనుల్లో బయటపడని లోపం అక్కడ బయటపడుతుంది.

ఒకసారి అలాంటి సినిమా నడుస్తుండగా మూడు రోజుల పాటు గేటు దగ్గర ఒకే మాట విన్నాను: గ్రాఫిక్స్ తేలిపోయినాయి. నేను దాన్నే ఫోన్లో చెప్పాను. ఆదివారం సెకండ్ షో నుంచి వచ్చిన, బుక్కరాయసముద్రం వైపు ఆటో నడిపే పెద్దాయన ఒకరు నా దగ్గర ఆగి, ‘మేనేజరప్పా, వాడు ఎవర్ని కొట్టినాడో కనపడనే లేదు’ అన్నాడు. ఆయన గ్రాఫిక్స్ అనలేదు, కనపడలేదు అన్నాడు. పైకి వెళ్లి ల్యాంప్ ఎన్ని గంటలు వెలిగిందో చూస్తే, మార్చాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. సోమవారం కొత్త ల్యాంప్ వేయించి, తెర దుమ్ము తుడిపించాం. మంగళవారం నుంచి ఆ ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది, దాని చాటున దాగి ఉన్న అసలు అభిప్రాయం అప్పుడు వినపడింది: ‘వాళ్ల నాయన ఎట్ల చచ్చిపోయినాడో ఆ కొడుకు మళ్లీ ఒక్కసారన్నా తలచుకోలేదే!’ ఆ సినిమాలోని అసలు లోపం అదే. మొదటి మూడు రోజులు నేను బయ్యర్‌కు చెప్పింది మా ల్యాంప్ గురించి మాత్రమే.

కాబట్టి గ్రాఫిక్స్ మీద మాట వచ్చినప్పుడు, ఏ సీనులో అని తప్పకుండా అడగాలి. రాత్రి సీనులు మాత్రమే అంటే ముందు ప్రొజెక్టర్ గదికి వెళ్లాలి.

అపోహ: ఇవి పిల్లల సినిమాలు, పిల్లలు మెచ్చితే చాలు.

పిల్లలు మెచ్చనిది తక్కువ. ఎగిరితే చాలు, వాళ్లకు సంతోషం. కానీ రెండో వారం ఆటలు నిలబెట్టేది వాళ్లను తీసుకొచ్చే పెద్దవాళ్లు, వాళ్ల తీర్పు ఇంటి మనుషుల సీనుల మీద ఆధారపడి ఉంటుంది. 2024 జనవరి 12న విడుదలైన ‘హనుమాన్’లో హీరో అక్క అంజమ్మ పాత్ర గురించి మాట్లాడిన ఆడవాళ్లు, ఆ సినిమాలోని పోరాటాల గురించి మాట్లాడిన మగపిల్లలకంటే ఎక్కువమంది అని నేను గేటు దగ్గర నిలబడి విన్నదాన్ని బట్టి చెప్పగలను.

అపోహ: ఇది పరాయి దేశపు కథ, మన పల్లె జనానికి దాని మర్మం పట్టదు.

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. తన బలం తనకే గుర్తులేని హనుమంతుడికి సముద్రపు ఒడ్డున జాంబవంతుడు అతని పుట్టుక చెప్పి, అతడు ఎవరో గుర్తుచేసే ఘట్టం కిష్కింధకాండలో ఉంది. శక్తి ఉన్నవాడు తనను తాను తెలుసుకునే కథ అంతకంటే ఏముంటుంది? మన జిల్లాల్లో ఈ కథను పుస్తకం చదవకుండానే తోలుబొమ్మలాటలో చూసి తెలుసుకున్న తరాలు ఉన్నాయి. ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కళాకారులు ఇప్పటికీ ఉన్నారు, వారిలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దీపం ముందు తోలుబొమ్మ ఒక్కసారిగా పెద్దదై సముద్రం దాటడం చూసిన అవ్వకు, తెర మీద మనిషి ఎగరడం కొత్త కాదు.

అంతేకాదు, వరానికి ఒక మెలిక ఉంటుందని మనవాళ్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. హిరణ్యకశిపుడు ఎన్ని షరతులు పెట్టి వరం కోరాడో, ఆ షరతుల సందులోంచే చావు ఎలా వచ్చిందో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అందుకే శక్తికి సినిమాలో పెట్టిన నియమాన్ని పల్లె ప్రేక్షకుడు చాలా జాగ్రత్తగా పట్టుకుంటాడు. ‘హనుమాన్’లో హీరోకు శక్తినిచ్చే మణి మహిమ సూర్యకాంతితో ముడిపడి ఉంటుంది. ఇంటర్వెల్‌లో శింగనమల నుంచి వచ్చిన ఒక తాత, మనవడికి శెనక్కాయలు వొలిచి పెడుతూ ‘పొద్దు ఉన్నంతసేపేరా వాని బలం, పొద్దు గుంకితే వాడూ మన మాదిరే’ అని చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. సినిమా రెండు నిమిషాల్లో చెప్పిన నియమాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. ఇలాంటి ప్రేక్షకుడి దగ్గర నియమం తప్పి కథ నడిపితే, అతడు దాన్ని ‘లాజిక్ లేదు’ అనడు, ‘నమ్మబుద్ధి కాలేదు’ అంటాడు. ఈ రెండో మాట మొదటిదానికంటే చాలా బరువైనది.

అపోహ: విలన్‌ను మెచ్చుకుంటున్నారంటే హీరో తేలిపోయినట్టే.

శక్తి రావడమే కథ అయినప్పుడు, అదే శక్తి ఇంకొకరి చేతికి వస్తే ఏమయ్యేదో చూపడం కథకు అవసరం. 2021 డిసెంబరు 24న థియేటర్లకు రాకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మలయాళ చిత్రం ‘మిన్నల్ మురళి’లో ఒకే రాత్రి పిడుగుపాటుకు ఇద్దరికి శక్తి వస్తుంది, ఒకడు దర్జీ జైసన్, రెండోవాడు ఊరందరూ వెలివేసినట్టు చూసే షిబు. ఆ సినిమా చూసినవాళ్లతో మాట్లాడితే చాలామంది షిబు గురించే మొదలుపెడతారు, ఆ తర్వాత జైసన్ అతడిలా ఎందుకు కాలేదో చెబుతారు. అంటే హీరో విలువ వాళ్లకు రెండోవాడి పక్కన పెట్టి చూసినప్పుడే తెలిసింది. ‘హనుమాన్’లోనూ చిన్నతనం నుంచే సూపర్ హీరో కావాలని ఆశపడి, దానికోసం కన్నవాళ్లనే చంపిన మైఖేల్ ఒకవైపు, అడగకుండానే శక్తి వచ్చిన చిల్లర దొంగ హనుమంతు ఇంకోవైపు ఉంటారు. విలన్ పాత్ర గురించి జనం ఎక్కువగా మాట్లాడితే బయ్యర్ కంగారు పడనక్కర్లేదు. ఎవరి గురించీ మాట్లాడకుండా నేరుగా పార్కింగ్ వైపు నడిచిపోతే కంగారు పడాలి.

అపోహ: మొదటి రోజు టాకే చివరి మాట.

మొదటి రోజు మార్నింగ్ షోకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ హీరోకో, ఆ జానర్‌కో ముందే మనసిచ్చినవాళ్లు. 2024 సంక్రాంతికి పెద్ద సినిమాల మధ్య తక్కువ థియేటర్లతో మొదలైన ‘హనుమాన్’కు ఆ తర్వాత స్క్రీన్లు పెరగడం మా రంగంలో అందరూ కళ్లారా చూశారు. అయినా సరే, శుక్రవారం మధ్యాహ్నానికే తీర్పు రాసేసే అలవాటు పోలేదు. ఈ రకం సినిమాకు నేను శని, ఆదివారాల ఫస్ట్ షోల వరకూ ఆగుతాను, ఎందుకంటే అప్పుడే కుటుంబాలు వస్తాయి. సోమవారం మ్యాట్నీకి బాల్కనీ ఏ మేరకు నిండిందో కూడా చూస్తాను.

ఇప్పుడు బయ్యర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే బాగుంది, బాగాలేదు అని చెప్పడం మానేశాను. ఫోన్లు ఏ సీనులో వెలిగాయి, ఇంటర్వెల్‌లో దేని మీద వాదించుకున్నారు, ఆడవాళ్లు ఎవరి పేరు పలికారు అనే మూడు సంగతులు చెబుతాను. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. పోయినసారి ఆయనే ‘టాక్ ఎట్లుందప్పా’ అనకుండా, ‘వాళ్ల అమ్మ సీనుకు హాలు ఎట్లుండింది?’ అని అడిగాడు.