పడటం నేర్పే ఆట

చి. హారికకు, చి. బన్నీకి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో హారిక గోల పెట్టింది. జూడో క్లాసులో చేరి పదిహేను రోజులైందట, మాస్టారు ఇంకా పడటమే నేర్పిస్తున్నారట. అది వింటే నాకు మిరియామ్ బ్లాస్కో అనే జూడో క్రీడాకారిణి గుర్తొచ్చింది. ఆవిడ గురించి ఫోన్లో చెప్తే మీరు సగం వినరు, అందుకే రాస్తున్నాను.

ముందు మీ మాస్టారి సంగతి. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించమంటారు కదా, తల నేలకి కొట్టుకోకుండా ఉండటానికే. చేత్తో చాప మీద ఫట్‌మని చరచమనేది దెబ్బ ఒక్కచోటే తగలకుండా చేయంతా పంచుకోవడానికి. జపాన్ వాళ్ళు దీన్ని ఉకెమి అంటారు. ఇది రాని పిల్లని ఎవరైనా ఎత్తి విసిరితే ఇంకేమైనా ఉందా! మాస్టారిదే రైటు.

బ్లాస్కోది స్పెయిన్. పుట్టింది 1963లో. ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి జూడో 1964లోనే పెట్టారు. ఆడవాళ్ళకి 1988లో ఊరికే ప్రదర్శనగా పెట్టి, పతకాలు మాత్రం 1992లో బార్సిలోనాలో ఇచ్చారు. అప్పటికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. ముందు ఏడాది అదే ఊళ్ళో ప్రపంచ ఛాంపియన్ అయింది. సొంత దేశంలో ఒలింపిక్స్, అందరి కళ్ళూ ఆవిడ మీదే. ఆ టెన్షన్ చాలదన్నట్టు, పోటీలకి కొద్ది వారాల ముందు ఆవిడ కోచ్ సెర్హియో కార్దెల్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు.

పక్కన నిలబడాల్సిన మనిషి లేడు. అయినా జులై 31న చాప మీదకి వెళ్ళింది. 56 కిలోల విభాగం ఫైనల్లో ఇంగ్లండ్ అమ్మాయి నికోలా ఫెయిర్‌బ్రదర్‌ని ఓడించింది. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి స్పెయిన్ మహిళ ఆవిడే. ఆ పతకాన్ని కోచ్‌కే అంకితం ఇచ్చింది.

మర్నాడే అల్ముదేనా మున్యోస్ 52 కిలోల్లో ఇంకో స్వర్ణం తెచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌కి మొత్తం 13 స్వర్ణాలు. మనకి కంచు ముక్క కూడా రాలేదు, ఆ బాధ నాకింకా ఉంది. మన ఆడపిల్లల్లో మొదటి ఒలింపిక్ పతకం 2000లో సిడ్నీలో వచ్చింది, మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరికి. అదే సిడ్నీలో స్పెయిన్‌కి జూడో స్వర్ణం తెచ్చింది ఇసబెల్ ఫెర్నాండెజ్. ఆవిడంటే వాళ్ళకెంత గౌరవమో, 2004 ఏథెన్స్ ప్రారంభోత్సవంలో జెండా ఆవిడ చేతికిచ్చి ముందు నడిపించారు. బ్లాస్కో అయితే వాళ్ళ పార్లమెంటు పెద్దల సభ సెనేట్‌కి సభ్యురాలిగా కూడా వెళ్ళింది.

అసలు చెప్పాలనుకున్నది మర్చిపోయాను. ఫైనల్లో ఓడిన ఆ నికోలా ఏమైందనుకున్నారు? కొన్నాళ్ళకి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది, అది ప్రేమైంది, పెళ్ళి కూడా చేసుకున్నారు.

హారికా, సెలవులకి వచ్చినప్పుడు పరుపు మీద ఒకసారి పడి చూపించమ్మా. కానీ అమ్మమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఆ చప్పుడుకి వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొస్తుంది.

మీ తాతయ్య