కోడ్ చరిత్రను వెబ్‌లో పెట్టడానికి ఎంత సర్వర్ కావాలి?

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ కోడ్‌ను, అందులో జరిగిన మార్పుల చరిత్రతో సహా, నలుగురికీ అందుబాటులో ఉంచాలనుకున్నప్పుడు ఇవాళ ఎక్కువమంది గిట్‌హబ్ వంటి ఒక పెద్ద సేవలో ఖాతా తెరిచి ఆ కోడ్, చరిత్ర కలిసి ఉండే భండారాన్ని, అంటే రిపాజిటరీని, అక్కడికి పంపిస్తారు. అది సులువైన దారి, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ అలవాటు బలపడిన కొద్దీ, రిపాజిటరీని ప్రచురించడం భారీ డేటాసెంటర్లు ఉన్న సంస్థలకే సాధ్యమయ్యే పని అన్న భావన కూడా స్థిరపడిపోయింది. ఈ భావన సరైనది కాదు. అడిగిన ఫైలును అడిగినట్టు అందించగల ఒక చిన్న వెబ్ సర్వర్ ఈ పనికి చాలు. మూలన పడి ఉన్న పాత కంప్యూటరైనా, అరచేతిలో ఇమిడే రాస్‌బెర్రీ పై బోర్డైనా దాన్ని మోయగలదు. అంత తక్కువతో ఎలా సరిపోతుందో తెలియాలంటే సర్వర్ సంగతి కాసేపు పక్కన పెట్టి, కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ అనే ప్రోగ్రాము తన సమాచారాన్ని ఎలా భద్రపరుస్తుందో ముందుగా చూడాలి.

గిట్ 2005 ఏప్రిల్‌లో పుట్టింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నెల్ అభివృద్ధికి అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే గిట్ తొలి రూపాన్ని రాశారు. ఆ ఏడాది జూలై నుంచి జునియో హమానో దాని నిర్వహణను చూస్తున్నారు. గిట్‌లో ఒక ఫైలులోని విషయం బ్లాబ్‌గా, ఒక ఫోల్డర్ అమరిక ట్రీగా, ఒక మార్పు నమోదు కమిట్‌గా నిలవ ఉంటాయి. వీటన్నిటికీ కలిపి ఆబ్జెక్టులని పేరు. ఏ ఆబ్జెక్టుకూ మనం పేరు పెట్టం. దానిలోని బైట్లను ఎస్‌హెచ్‌ఏ-1 అనే గణిత ప్రక్రియ గుండా పంపితే 160 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది; హెక్సాడెసిమల్‌లో రాస్తే అది 40 అక్షరాలు. ఆ 40 అక్షరాలే దాని పేరు. లోపల ఒక్క బైటు మారినా పేరు పూర్తిగా మారిపోతుంది.

ప్రతి కమిట్ తన ట్రీ పేరును, తనకు ముందున్న కమిట్ పేరును తనలో రాసుకుంటుంది. భూమి అమ్మకపు దస్తావేజులో అంతకుముందటి లింక్ డాక్యుమెంట్ నంబరును ఉదహరించడం మనకు తెలిసిందే. ఇదీ అలాంటి గొలుసే. తేడా ఏమిటంటే, ఇక్కడ నంబరు ఆ పాత పత్రంలోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని పుట్టినది కనుక, పాత పత్రాన్ని ఎవరైనా చాటుగా దిద్దితే ఆ తర్వాతి పత్రాలలో ఒక్కటి కూడా దానితో పొసగదు.

వెబ్‌కు సంబంధించినంతవరకు ఈ ఏర్పాటు వల్ల కలిగే ప్రయోజనం చాలా పెద్దది. ఒక ఆబ్జెక్టు ఒకసారి పుట్టాక ఇక ఎన్నటికీ మారదు, ఎందుకంటే మారితే అది వేరే పేరున్న వేరే ఆబ్జెక్టు అవుతుంది. ప్రతి విడి ఆబ్జెక్టూ డిస్కు మీద జడ్‌లిబ్‌తో కుదించిన ఒక మామూలు ఫైలు; దాని పేరులోని మొదటి రెండు అక్షరాలు ఫోల్డర్ పేరవుతాయి, మిగిలిన 38 అక్షరాలు ఫైలు పేరవుతాయి. అంటే రిపాజిటరీ మొత్తం, మారని ఫైళ్ల కుప్ప ఒకటి, దాని పైన ఏ శాఖ (విడిగా సాగే కమిట్ల వరుస) ప్రస్తుతం ఏ కమిట్ దగ్గర ఉందో చెప్పే కొద్దిపాటి సూచికలు. ఇలాంటిదాన్ని వెబ్‌లో అందించడానికి డేటాబేసు అక్కరలేదు, సర్వర్‌లో గిట్ ఉండవలసిన అవసరం కూడా లేదు.

గిట్ వాడేవాళ్లు "డంబ్ హెచ్‌టీటీపీ" అని పిలిచే పద్ధతి సరిగ్గా ఇదే. మీ కంప్యూటర్‌లోని గిట్ ముందుగా శాఖల జాబితా ఉన్న ఫైలును అడుగుతుంది, అందులో కనిపించిన కమిట్‌ను తెచ్చుకుంటుంది, ఆ కమిట్ చెప్పిన ట్రీని, ఆ ట్రీ చెప్పిన బ్లాబ్‌లను, వెనకటి కమిట్‌ను, ఇలా గొలుసు పట్టుకుని చివరిదాకా వెళ్తుంది. ఆలోచించే పనంతా అడిగేవారి వైపే జరుగుతుంది. ప్రచురించేవారు చేయవలసింది ఒక్కటే: కొత్త కమిట్లు వచ్చిన ప్రతిసారీ "గిట్ అప్‌డేట్-సర్వర్-ఇన్ఫో" అనే ఆదేశం నడిచేలా చూడాలి, ఎందుకంటే శాఖల జాబితానూ ప్యాక్‌ల (అనేక ఆబ్జెక్టులను కలిపి కట్టిన ఫైళ్ల) జాబితానూ తయారుచేసేది అదే. రిపాజిటరీతో పాటు వచ్చే పోస్ట్-అప్‌డేట్ అనే హుక్ (కొత్త కమిట్లు చేరగానే గిట్ నడిపే చిన్న స్క్రిప్టు) నమూనాను పనిలో పెడితే ఆ పని దానంతటదే జరిగిపోతుంది.

ఈ పద్ధతిలో లోపం వేగం. వేల ఆబ్జెక్టులుంటే వేల అభ్యర్థనలు వెళ్తాయి. గిట్ పాత ఆబ్జెక్టులను కలిపి, వాటి మధ్య తేడాలను మాత్రమే ఉంచి ప్యాక్ అనే ఒకే పెద్ద ఫైలుగా మారుస్తుంది కనుక అభ్యర్థనలు తగ్గుతాయన్నది నిజమే, కానీ అప్పుడు మనకు కావలసింది ఒక్క చిన్న ఆబ్జెక్టే అయినా ప్యాక్ మొత్తాన్నీ దింపుకోవలసి వస్తుంది. 2009 చివర విడుదలైన గిట్ 1.6.6తో వచ్చిన "స్మార్ట్ హెచ్‌టీటీపీ" దీనికి పరిష్కారం చూపింది. షాన్ పియర్స్ ఆ పనిలో ప్రధానపాత్ర వహించారు. ఇందులో రెండు వైపులా గిట్ ఉంటుంది. నా దగ్గర ఫలానా కమిట్ దాకా ఉంది, ఫలానాది కావాలి అని ఒక వైపు చెబితే, రెండో వైపు ఆ లోటుకు సరిపడా ప్యాక్‌ను అప్పటికప్పుడు కట్టి పంపుతుంది. నెట్‌వర్క్ మీద భారం తగ్గి, సర్వర్ ప్రాసెసర్ మీదా మెమరీ మీదా భారం పెరుగుతుంది. చిన్న యంత్రం మీద ప్రచురించేవారు గుర్తుంచుకోవలసిన బేరం ఇదే. రిపాజిటరీలోని ప్యాక్‌లను క్రమం తప్పకుండా తిరిగి కడుతూ (రీప్యాక్ చేస్తూ), ఏ కమిట్‌కు ఏ ఆబ్జెక్టులు కావాలో ముందే గుర్తుపెట్టే బిట్‌మ్యాప్ సూచికలను సిద్ధంగా ఉంచితే, అప్పటికే లెక్కగట్టిన తేడాలను గిట్ మళ్లీ లెక్కించకుండా వాడుకుంటుంది కనుక ఆ భారం చాలావరకు దిగిపోతుంది. 2018లో వచ్చి, 2020లో ప్రత్యేకంగా కోరకపోయినా వాడుకలో ఉండేలా మారిన రెండవ ప్రోటోకాల్ (రెండు వైపుల గిట్ మాట్లాడుకునే నియమాల రెండవ రూపం) మరో మేలు చేసింది: అంతకుముందు ప్రతి సంభాషణ మొదట్లోనూ సర్వర్ తన శాఖలూ ట్యాగ్‌లూ (ఒక కమిట్‌కు శాశ్వతంగా తగిలించిన పేర్లు) అన్నిటినీ ఏకరువు పెట్టేది, ఇప్పుడు అడిగినవాటినే చెబితే సరిపోతుంది.

ఇక వెబ్ సర్వర్ దగ్గరికి వద్దాం. 1999లో డాన్ కెగెల్ ఒకే యంత్రం ఏకకాలంలో పదివేల కనెక్షన్లను ఎందుకు నిలబెట్టలేకపోతోందన్న సమస్యను లోకం ముందు పెట్టారు. అప్పటి సర్వర్లు సాధారణంగా ఒక్కో కనెక్షన్‌కు మెమరీ తీసుకునే ఒక్కో ప్రాసెస్‌నో థ్రెడ్‌నో (నడుస్తున్న ప్రోగ్రాము ప్రతినో, అందులోని ఒక పాయనో) కేటాయించేవి. నెమ్మదైన లైన్ మీద ఉన్న ఒక్క సందర్శకుడి కోసం ఆ మెమరీ అంతా కాచుకుని ఉండేది. ఆ సమస్యకు సమాధానంగా యాన్ క్నెష్కె 2003లో లైట్‌టీపీడీ అనే వెబ్ సర్వర్‌ను సి భాషలో రాశారు. ఒకే ప్రాసెస్ అన్ని కనెక్షన్లనూ పట్టుకుని, వాటిలో ఏది సిద్ధంగా ఉందో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌నే అడిగి తెలుసుకుంటూ పని నడిపించడం దాని మూలసూత్రం. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన మరో వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌దీ ఇదే బాట. గిట్‌తో పాటే వచ్చే "గిట్ ఇన్‌స్టావెబ్" అనే ఆదేశం ఇచ్చి చూడండి. మీరు వేరే సర్వర్‌ను పేర్కొనకపోతే అది వెతికేది లైట్‌టీపీడీనే. అది ఉంటే, మీ రిపాజిటరీని బ్రౌజర్‌లో చూపించే పేజీ 1234 పోర్టులో మరుక్షణం తెరుచుకుంటుంది. ఈ విషయం నేర్చుకోదలచినవారికి ఇంతకంటే మంచి తొలి మెట్టు లేదని నా నమ్మకం.

శాశ్వతంగా ప్రచురించాలంటే మరికొంత అమరిక కావాలి. పని చేసే ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండే "బేర్" రిపాజిటరీని ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో ఉంచి, ఆ చిరునామాకు వచ్చే అభ్యర్థనలను లైట్‌టీపీడీలోని సీజీఐ మాడ్యూల్ (వెబ్ సర్వర్ వేరే ప్రోగ్రామును నడిపించే ఏర్పాటు) ద్వారా గిట్‌తో వచ్చే హెచ్‌టీటీపీ-బ్యాకెండ్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తారు. ఈ ప్రోగ్రాము స్వభావరీత్యా జాగ్రత్తపరురాలు. ప్రచురణకు అనుమతి ఉందని తెలిపే ఖాళీ ఫైలు రిపాజిటరీలో లేకపోతే, లేదా అన్నిటికీ అనుమతి ఉందని సెట్టింగ్‌లో చెప్పకపోతే, అది దేన్నీ బయటపెట్టదు. వెబ్ సర్వర్ గుర్తింపు సరిచూసి పంపిన వాడుకరికి తప్ప ఎవరికీ రాసే హక్కు ఇవ్వదు. 2022 నుంచి మరో నియమం తోడైంది: రిపాజిటరీ ఫోల్డర్ ఒక వాడుకరి పేరున ఉండి ప్రోగ్రాము మరో వాడుకరి పేరున నడుస్తుంటే, ఆ ఫోల్డర్ సురక్షితమని ప్రత్యేకంగా చెప్పేదాకా గిట్ దాన్ని తెరవడానికి నిరాకరిస్తుంది. వెబ్ సర్వర్లు సాధారణంగా తమకంటూ వేరే వాడుకరి పేరుతో నడుస్తాయి కనుక, కొత్తగా అమర్చేవారిలో చాలామంది మొదట చిక్కుకుపోయేది ఇక్కడే.

తెలుగులో పనిచేసేవారికి ఇక్కడ రెండు ప్రత్యేక విషయాలు ఎదురవుతాయి. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. గిట్ తన సహజ అమరికలో ఇంగ్లిష్ కాని ఫైలు పేర్లలోని బైట్లను అష్టక సంఖ్యలుగా మార్చి చూపుతుంది, అందువల్ల "అ" అన్న పేరు \340\260\205 అని కనిపిస్తుంది. ఫైలుకేమీ కాలేదు; కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ను ఆపేస్తే పేరు తెలుగులోనే వస్తుంది. రెండవది, వెబ్ సర్వర్ ఒక పాఠ్య ఫైలును పంపేటప్పుడు అది యూటీఎఫ్-8 అని శీర్షికలో ప్రకటించకపోతే, కొన్ని బ్రౌజర్లు దాన్ని పాత పాశ్చాత్య సంకేతలిపిగా భావించి తెలుగు వాక్యాలను అర్థంలేని గుర్తులుగా చూపుతాయి. సర్వర్ అమరికలో మైమ్ రకం (ఫైలు ఏ తరహాదో చెప్పే మాట) పక్కన ఆ ఒక్క మాట చేర్చాలి. నిఘంటువులు, ఫాంట్లు, అనువాద ఫైళ్లు ప్రచురించేవారు మొదటి రోజే చేయవలసిన పని ఇది.

కోడ్‌ను దింపుకోవడం ఒకటి, బ్రౌజర్‌లో చదవడం మరొకటి. చదవడానికి పెర్ల్‌లో రాసిన గిట్‌వెబ్ ఉంది, సి భాషలో రాసిన సీగిట్ ఉంది, లినక్స్ కెర్నెల్ కోడ్ ఉండే కెర్నెల్.ఆర్గ్ సైటులో కనిపించేది సీగిట్. ఇవి ప్రతి పేజీనీ అడిగినప్పుడు తయారుచేస్తాయి. ఒక రిపాజిటరీలో ప్రతి కమిట్‌కూ, ప్రతి ఫైలుకూ, ప్రతి రెండు రూపాల మధ్య తేడాకూ ఒక చిరునామా ఉంటుంది కనుక, చిన్న ప్రాజెక్టుకు కూడా లక్షల పేజీలు సాధ్యమే. మనుషులు వాటిలో కొన్నిటినే చూస్తారు. యంత్రాలు అన్నిటినీ అడుగుతాయి. కృత్రిమ మేధ శిక్షణ కోసం వెబ్‌ను జల్లెడ పట్టే బాట్‌ల తాకిడి తట్టుకోలేక, లినక్స్ డెస్క్‌టాప్‌ను తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు 2025లో తన గిట్‌ల్యాబ్ (గిట్‌హబ్ లాంటి కోడ్ సైటు) ముందు అనూబిస్ అనే కాపలా ప్రోగ్రామును నిలబెట్టవలసి వచ్చింది; లోపలికి రాదలచిన బ్రౌజర్ ముందుగా ఒక చిన్న లెక్క చేసి చూపాలని అది కోరుతుంది. చిన్న సర్వర్‌కు నేను సూచించే మార్గం వేరు. స్టాగిట్ అనే పరికరం, కొత్త కమిట్లు వచ్చినప్పుడు మాత్రమే, చరిత్రనంతా మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా రాసి డిస్కు మీద పెడుతుంది. ఆ పైన బాట్ వచ్చినా మనిషి వచ్చినా సర్వర్ చేసేది ఉన్న ఫైలును అందించడమే. వెతుకులాట, కోరిన రెండు కమిట్ల మధ్య తేడా చూపడం వంటి సౌకర్యాలు ఇందులో ఉండవు, కానీ కావలసినవారు రిపాజిటరీ పూర్తి ప్రతిని దింపుకుని (క్లోన్ చేసుకుని) తమ దగ్గరే అవన్నీ చేసుకోగలరు.

ఫైళ్లుగా ఉండడమే ప్రచురణను ఇంత సులభం చేసింది. తెలియకుండా ప్రచురించడాన్నీ అంతే సులభం చేసింది. ఒక వెబ్‌సైటును గిట్‌తో నిర్వహిస్తూ, పని చేసే ఫోల్డర్‌నే యథాతథంగా సర్వర్ మూలస్థానంలో పెడితే, చుక్కతో మొదలయ్యే గిట్ ఫోల్డర్ కూడా దానితో పాటు లోకానికి తెరుచుకుంటుంది. లోపలి ఫైళ్ల పేర్లు అందరికీ తెలిసినవే కనుక, డైరెక్టరీ జాబితా కనిపించకపోయినా, పైన చెప్పిన గొలుసు పద్ధతిలోనే ఎవరైనా చరిత్ర మొత్తాన్నీ లాగేసుకోవచ్చు. ఎప్పుడో పొరపాటున చేర్చి మరుసటి కమిట్‌లో తీసేసిన పాస్‌వర్డ్ కూడా ఆ చరిత్రలో ఉంటుంది. ఆ ఫోల్డర్‌కు దారి మూసే నియమం సర్వర్ అమరికలో ఒకటి రెండు పంక్తులకు మించదు. కానీ ఒకసారి బయటపడిన రహస్యాన్ని చరిత్ర నుంచి చెరిపితే చాలదు, దాన్ని మార్చేయాలి.

ఇంత చిన్న సర్వర్‌ను ఎవరైనా ఆక్రమిస్తే అందులోని కోడ్‌ను నమ్మడం ఎలా అన్న ప్రశ్న సహజం. పెద్దదాని విషయంలోనే ఆ పరీక్ష జరిగింది. 2011 ఆగస్టులో కెర్నెల్.ఆర్గ్ సర్వర్లలోకి దుండగులు చొరబడినట్టు బయటపడింది. వారాల తరబడి ఆ సైటు మూతపడింది, టోర్వాల్డ్స్ తన రిపాజిటరీని తాత్కాలికంగా గిట్‌హబ్‌లో పెట్టారు. అయినా కెర్నెల్ చరిత్ర గురించి అభివృద్ధికారులు నిబ్బరంగా ఉండగలిగారు: వేలమంది దగ్గర పూర్తి ప్రతులున్నాయి, సర్వర్‌లో ఒక పాత ఫైలును దిద్దినా పేర్లు పొసగక ఆ దిద్దుబాటు వెంటనే పట్టుబడేది. ఆ నమ్మకానికి ఆధారమైన ఎస్‌హెచ్‌ఏ-1కు 2017లో దెబ్బ తగిలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థకూ గూగుల్‌కూ చెందిన పరిశోధకులు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను సృష్టించి చూపారు. గిట్ ఆ ఏడాదే అలాంటి దాడిని పసిగట్టే రూపానికి మారింది, 2020లో ఎస్‌హెచ్‌ఏ-256తో రిపాజిటరీలు సృష్టించే వీలును ప్రయోగాత్మకంగా చేర్చింది. అయితే పేర్ల గొలుసు ఎంత గట్టిదైనా, దాని చిట్టచివరి కమిట్ పేరు మనకు సరిగ్గా చేరినప్పుడే అది మనల్ని కాపాడుతుంది. దారిలో ఎవరూ ఆ పేరును మార్చకుండా హెచ్‌టీటీపీఎస్ చూసుకుంటుంది. సర్వరే శత్రువు చేతిలో ఉంటే హెచ్‌టీటీపీఎస్ కూడా అక్కరకు రాదు. అప్పుడు పనికొచ్చేది రచయిత తన సొంత కంప్యూటర్‌లో, సర్వర్‌కు ఎన్నడూ చేరని తాళంతో సంతకం చేసిన ట్యాగ్.