సముద్రపాము చుట్టరికం, తల్లి వైపు నుంచి

సముద్రపాము నీరుకట్టెకు చుట్టమా, నాగుపాముకా అని ఒక పాఠకుడు అడిగారు. నాగుపాముకే. నీళ్లలో తిరిగే పాముకు విషం ఉండదన్న నమ్మకం నీరుకట్టె విషయంలో నిజమే కానీ, సముద్రపాము దగ్గర ప్రాణాల మీదికి తెస్తుంది.

పోలికలు చూసి చుట్టరికం తేల్చబోతే పొరపడతాం. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే లాటికాడా పాములకూ, నీళ్లలోనే పిల్లల్ని కనే హైడ్రోఫిస్ పాములకూ తోక తెడ్డులాగే ఉంటుంది. కానీ ఈ రెండు వంశాలూ వేర్వేరుగా సముద్రంలోకి దిగాయి. హైడ్రోఫిస్‌ల దగ్గరి చుట్టాలు, నాగుపాము కుటుంబంలోనే, ఆస్ట్రేలియాలో నేల మీద తిరిగే పాములు.

ఇది చెప్పింది మైటోకాండ్రియా. బడిలో దాన్ని ‘కణానికి పవర్ హౌస్’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. దానికి సొంత డీఎన్ఏ ఉందనీ, అది తల్లి నుంచే వస్తుందనీ చెబితే పిల్లలు ఎంత ఆసక్తిగా వింటారో! పాముల్లో అది సుమారు 17,000 రసాయన అక్షరాల గుండ్రటి గ్రంథం, 37 జన్యువులు.

నాకది తాళపత్ర ప్రతిలా కనిపిస్తుంది. నకలు రాసేటప్పుడు దొర్లిన తప్పు ఆపై నకళ్లన్నిటికీ దిగుతుంది. రెండు ప్రతుల్లో అవే చోట్ల అవే తప్పులు వరుసగా కనిపిస్తే రెంటికీ మాతృక ఒకటే. ఇక్కడ మాతృక అన్న మాట అక్షరాలా నిజం.

ఈ గ్రంథంలో నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే నియంత్రణ భాగం, దాదాపు 1,000 అక్షరాలు, చాలా జంతువుల్లో ఒకటే ఉంటుంది. అత్యధిక పాముల్లో రెండు: ఒకటి మామూలు చోట, రెండోది ఎన్‌డీ1, ఎన్‌డీ2 జన్యువుల మధ్య. ఒకే పద్యం రెండుచోట్ల రాసినట్టు. కోట్ల ఏళ్లలో రెంటిలోనూ వేర్వేరు తప్పులు పోగుపడాలి కదా? పడలేదు. నాగుపాములోని రెండు పద్యాలూ దాదాపు ఒకటే, సముద్రపాములోని రెండూ దాదాపు ఒకటే. కానీ నాగుపాము పద్యం వేరు, సముద్రపాము పద్యం వేరు. అంటే ఒకచోట మారితే, దాన్ని చూసి రెండోచోటా దిద్దుబాటు జరుగుతోందన్నమాట! దీన్ని సమన్విత పరిణామం అంటారు. అందుకే ఆ రెండు పద్యాలనూ రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదివి అతికించే పద్ధతిలో ఇంకో చిక్కు: రెండూ ఒకేలా ఉండేసరికి ఒకటిగా కలిసిపోతాయి. రెండు వైపులా ఉన్న జన్యువులదాకా సాగే పొడవాటి ముక్క చదివితేనే విడిపోతాయి.

తల్లి ప్రతి ఒక్కటే చాలదు, జాతుల మధ్య సంకరం జరిగితే అది తప్పుదారి పట్టించగలదు. అందుకే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే, కణ కేంద్రకంలోని జన్యువులనూ చదువుతారు. పైపెదవి కొస పక్షి ముక్కులా కిందికి వంగిన సముద్రపాము ఆసియాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఒకే జాతి అనుకునేవారు. రెండు రకాల జన్యువులనూ పోల్చి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఆ రెంటికీ దగ్గరి చుట్టాలు వేర్వేరని తేలింది. ఆ ముక్కు రెండుచోట్లా విడివిడిగా వచ్చిందే. ఆస్ట్రేలియా పామును ఇప్పుడు జ్వైఫెలి అనే వేరే జాతిగా లెక్కిస్తున్నారు.